లేఖక ప్రమాదమా, ప్రక్షిప్తమా?

ఫైలు రూపం మారినప్పుడు బొమ్మ చెడడం యంత్రధర్మం. ఆ యంత్రధర్మాన్ని అడ్డం పెట్టుకొని తప్పించుకోవడం రాజకీయం. ఈ రెంటి తేడా తెలియనంతకాలం వీడియో సాక్ష్యం విషయంలో మనం మోసపోతూనే ఉంటాము.

2018 నవంబరు 7న శ్వేతభవనంలో విలేకరి జిమ్ అకోస్టా అధ్యక్షుడు ట్రంప్‌ను ప్రశ్నిస్తూ మైకు వదలలేదు. మైకు తీసుకోబోయిన యువతి చేతికి అతని చేయి తగిలింది. ఆ రాత్రే అతని ప్రవేశపత్రాన్ని నిలిపివేశారు. పత్రికా కార్యదర్శి శారా శాండర్స్ సాక్ష్యంగా ఒక వీడియోను ప్రకటించింది. అందులో ఆ తాకిడి దెబ్బలాగ కనిపిస్తుంది. వేగం పెంచారని విమర్శ వచ్చింది. దానిని తయారుచేసిన ఇన్ఫోవార్స్ వ్యాఖ్యాత మాత్రం, జిఫ్ ఫైలు తీసుకొని దగ్గరగా చూపానే గాని వేగం మార్చలేదన్నాడు.

ఈ జవాబును ఊరికే కొట్టిపారవేయరాదు. అమెరికా టెలివిజన్ వీడియోలో సెకనుకు సుమారు 30 చిత్రాలుంటాయి. జిఫ్‌గా మార్చినప్పుడు తరచు వాటిలో కొన్ని రాలిపోతాయి. తిరిగి వీడియో చేసినా పోయినవి రావు. ఉన్న చిత్రమే ఒక క్షణం నిలిచిపోయి, చేయి ఒక్కసారిగా కిందపడినట్లు తోస్తుంది.

తాళపత్రాలెరిగిన మనకిది వింత కాదు. రాసేవాడు పంక్తి జారవిడిస్తే లేఖక ప్రమాదం. బుద్ధిపూర్వకంగా చేర్చితే ప్రక్షిప్తం. రెంటివల్లా పాఠం చెడుతుంది. అందుకే బ్రౌన్ అనేక ప్రతులు తెప్పించి పండితులచేత సరిచూపించాడు. శ్వేతభవనానికి అంత శ్రమ కూడా లేదు. సీ-స్పాన్ వీడియో లోకమంతటికీ అందుబాటులోనే ఉన్నది. దానిని విడిచి చెడిన ప్రతిని ఏరుకున్నదెవరు? ఫార్మాటా, ప్రభుత్వమా?

మనవారికీ ఒక మాట చెప్పాలి. వాట్సప్‌లో వీడియో పంపితే మామూలుగా అది మళ్ళీ కుదించబడుతుంది. మసకలు, గళ్ళు పడతాయి. ప్రతి మసకనూ కుట్ర అని కేకవేస్తే, రేపు నిజమైన కల్పనను పట్టుకున్ననాడు మన మాట ఎవరు వింటారు?

నవంబరు 16న న్యాయమూర్తి టిమతీ కెల్లీ ప్రవేశపత్రాన్ని తాత్కాలికంగా తిరిగి ఇప్పించాడు. జవాబు చెప్పుకొనే అవకాశమివ్వకుండా తీసివేశారన్నది అందుకు కారణం. వీడియో తగాదాను ఆ తీర్పు తేల్చలేదు. అటువంటి తగాదాలు తేల్చే భారం చూసేవారిదే. కాబట్టి అధికారం ఏ వీడియో చూపినా మన మొదటి ప్రశ్న ఒకటే కావాలి: మూలప్రతి ఏది?