పేనాకత్తి బిగువుగానే ఉండనివ్వండి

పాత పేనాకత్తి బిగుసుకుపోయిందంటే మన ఇళ్ళల్లో వెంటనే వచ్చే సలహా ఒకటే: మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి కాస్త ఎడం చెయ్యి, వదులవుతుంది. ఈమధ్య దానికి ఇంకో కోరిక తోడయింది. ఫోన్‌లో వీడియోలు చూసిన పిల్లలకి ఆ కత్తి బొటనవేలు తగిలిస్తే చాలు, ఒంటిచేత్తో టక్కుమని తెరుచుకోవాలట. తాతల కాలం కత్తిని అలా మార్చడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. పాతదని మమకారం ఉన్నమాట నిజమే గానీ, నా భయం వేళ్ళ గురించి.

ఆంధ్రాలో చుట్టాలు దీన్ని చాకు అంటారు. తమిళనాట పెరిగిన మనకి ఇది పేనాకత్తి. వాళ్ళు నవ్వుతారు గానీ మన మాటలోనే దాని చరిత్ర ఉంది. పక్షి ఈకతో రాసే రోజుల్లో ఈక మొన చెక్కుకోవడానికి పెట్టుకున్న చిన్న కత్తి ఇది. మడిచి జేబులో వేసుకోవాలి, కావాలన్నప్పుడు కూర్చుని నింపాదిగా తెరవాలి. అలుగు మీద గోరు పట్టే గాడి ఉంటుంది చూడండి, అది ఒక చేతి గోటికి. పిడి పట్టుకోవడానికి రెండో చెయ్యి. అంటే రెండు చేతుల లెక్కతోనే దాన్ని చేశారు.

బిగువు ఎక్కణ్ణించి వస్తుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. పిడి వెన్నులో ఒక స్ప్రింగుపట్టీ ఉంటుంది. అది అలుగు మొదలుని ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. మూసినప్పుడు మూసినట్టు, తెరిచినప్పుడు తెరిచినట్టు నిలిచేది ఆ నొక్కుడు వల్లే. ఈ రకం కత్తికి వేరే లాక్ లేదు. ఆ బిగువే లాక్. దాన్ని తీసేస్తే ఒంటిచేత్తో తెరుచుకుంటుంది, నిజమే. అంతే సులువుగా కాయ కోస్తుండగా వేళ్ళ మీదికి మూసుకుంటుంది, జేబులో తనంతట తాను తెరుచుకుంటుంది కూడా.

అందుకే ముందు ఏది బిగిసిందో చూడాలి. మెల్లగా తెరవండి. మొదట్లో ఒకసారి, పూర్తిగా తెరుచుకునే చోట ఒకసారి గట్టిగా ఉండి, మధ్యలో కాస్త తేలిగ్గా కదిలితే అది స్ప్రింగు బలం. దాని జోలికి పోవద్దు. మొదటినుంచి చివరిదాకా గరగరమంటూ ఒకే తీరుగా బిగిసి ఉంటే అది మురికి, తుప్పు, ఎండిపోయిన నూనె. నేను చూసినంతలో ఇంట్లో పెట్టెలోంచి బయటికి తీసే కత్తులు చాలామటుకు ఈ రెండో జబ్బువే. దానికి స్క్రూడ్రైవర్ దేనికి?

గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు వేసి, కీలు దగ్గర పాత పళ్ళబ్రష్షుతో రుద్దాలి. పది పదిహేను సార్లు తెరిచి మూయాలి. పిడి కొయ్యదో కొమ్ముదో అయితే నీళ్ళలో నానబెట్టకండి, అవి ఉబ్బుతాయి, వంగుతాయి. కీలు వరకే తడిపి వెంటనే తుడవాలి. పూర్తిగా ఆరాక కీలులో ఒక్క చుక్క నూనె. ఏ నూనె అన్నదగ్గర మా ఇంట్లో పెద్ద వాదనే అయింది. అవ్వలు టెంకాయనూనె అంటారు, లేకపోతే నువ్వులనూనె. రెండూ వద్దు. టెంకాయనూనె చలికాలం పొద్దున పేరుకుంటుంది, నువ్వులనూనె కొన్నాళ్ళకి బంక అవుతుంది. నిజానికి పెట్టెలోని కత్తుల్లో సగం అలాంటి నూనె వల్లే బిగుసుకున్నాయి. కుట్టుమెషిన్ నూనె మంచిది. పళ్ళు కోసే కత్తి అయితే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఇంకా మంచిది. చుక్క వేసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు మళ్ళీ కదపండి. తుప్పు గట్టిగా పట్టి ఉంటే మూడునాలుగు రోజులు ఇదే పని.

రివిట్టు మీద సుత్తితో కొట్టమనేవాళ్ళూ ఉన్నారు. కొడితే వదులు కాదు, ఇంకా బిగుస్తుంది! అడకత్తెర లూజైతే కీలుసీలని అలా కొట్టే బిగిస్తారు కదా, మరిచిపోయారా? ఇక స్క్రూడ్రైవర్ దూర్చి ఎడం చేస్తే అలుగు పక్కలకి ఊగడం మొదలవుతుంది, మూసేటప్పుడు మొన పోయి పిడి అంచుకి తగులుతుంది. కోయంబత్తూరులో లేత్ పట్టరలకి కొదవ లేదు, పాత రివిట్టు తీసి కొత్తది వేసేవాళ్ళు దొరుకుతారు. కానీ పాత పిడి పగలకుండా తీయడం అందరికీ చేతకాదు.

మనవళ్ళు బయటిదేశాల నుంచి తెచ్చే కత్తుల సంగతి వేరు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్‌కీ రివిట్టే, దానికీ పై వైద్యమే. ఫ్రాన్స్ వాళ్ళ ఓపినెల్ 1890 నుంచి ఉన్నది. దాని పిడి కొయ్య, వానాకాలం తేమకి ఉబ్బి అలుగుని పట్టేస్తుంది. దాన్ని ఎండుగాలికి కొన్నాళ్ళు వదిలేస్తే చాలు. లాక్ ఉండి, కీలుకి స్క్రూ ఉన్న కొత్తరకాలనైతే వదులు చేసుకోవచ్చు, అవి ఒంటిచేతి కోసమే చేసినవి. అయినా గడియారంలో అయిదు నిమిషాల ముల్లు దూరం కంటే ఒక్కసారిగా తిప్పకండి. ప్రతిసారీ తెరిచి, అలుగు పక్కకి ఊగుతోందా, లాక్ పూర్తిగా పడుతోందా చూసుకోండి. ఊగితే వెనక్కి తిప్పండి.

ఒంటిచేత్తో తెరవాలన్న కోరిక అందరికీ సరదా కాదు, అదీ ఒప్పుకోవాలి. మా చిన్నాయనకి పక్షవాతం వచ్చి ఎడంచెయ్యి పట్టు పోయింది. జామకాయ తానే కోసుకోవాలి, ఎవరో కోసి తట్టలో పెట్టిస్తే ముట్టరు. ఆ పంతం నాకు ఇష్టం. తాత కత్తినే వదులు చేయించమని అడిగారు. కుదరదన్నాను. మూసుకుపోయే కత్తి ఉన్న ఒక్క చేతినీ కోస్తే ఎట్లా? మనవాళ్ళు ఏనాడో కనిపెట్టిన ఒంటిచేతి సాధనం కత్తిపీట. కాలు అదిమి పడుతుంది, చెయ్యి కాయని తోస్తుంది. కానీ ఆయన కింద కూర్చోలేరు. అలాంటివాళ్ళకి మడవని చిన్నకత్తి, దానికో ఒర, ఇదే సరైనది. కొయ్యపలకకి కిందినుంచి రెండు స్టీలు మేకులు కొట్టి, పైకొచ్చిన మొనలకి కాయ గుచ్చితే రెండో చెయ్యి అక్కర్లేదు. పలక జారకుండా కింద తడిగుడ్డ పరచాలి. పని అయ్యాక ఆ మొనల మీద ఒక కార్క్ ముక్క గుచ్చి ఉంచండి, ఇంట్లో చంటిపిల్లలు ఉంటే మరీనూ.