రొయ్య తలకాయ లెక్క

మన నెల్లూరు తీరాన రొయ్యల గుంటలున్న సంగతీ, వాటివల్ల డాలర్లొస్తున్న సంగతీ అందరికీ తెలుసు. కానీ తలా పెంకూ ఒలిచేస్తే రొయ్య బరువులో నూటికి 40–50 వంతులు ఓడ ఎక్కదు, ఇక్కడే మిగులుతుంది. మన ఎండకు కొద్ది గంటల్లో కుళ్ళుతుంది. దాని సంగతి ఎవరడిగారు?

పెంకులోని సున్నాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనూ, మాంసకృత్తుల్ని కాస్టిక్ సోడాతోనూ తీసేస్తే మిగిలేది కైటిన్. దాన్నుంచే కైటోసాన్ అనే విలువైన సరుకు చేస్తారు. బాగానే ఉంది. అయితే ఆ ఆమ్లపు నీళ్ళు అట్లాగే బకింగ్‌హామ్ కాలువలో కలిస్తే? కంపు పోయి విషం వచ్చినట్టే గదా!

కనుక ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేముందే తలకాయలెక్కడికి, కడిగిన నీళ్ళెక్కడికి అని తేల్చాలి. అందాకా మనం ఊరుకోవాలా? ఏటా ల్యాబులో అవే సాల్టులు అనాలిసిస్ చేస్తున్నాం. ఈసారి కాలువ నీళ్ళు నాలుగు సీసాలు పట్టుకొచ్చి బి.ఓ.డి. ఎంతుందో చూద్దాం, రండి.