చిన్న విమానమునకు ఆకాశము కనబడవలెను

మన ఖమ్మము, భద్రాచలము సీమలో విమానాశ్రయము లేదు. అయినను హెలికాప్టరులును చిన్న విమానములును మన యడవులమీదుగా పోవుచునే యున్నవి. గోదావరి పొంగి దారులు మునిగినపుడు ఆకాశమార్గమొక్కటే మిగులును. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71.3 అడుగులకు ఎక్కిన దినములను మన విద్యార్థులు మరచి యుండరు; 1986లో 75.6 అడుగులు వచ్చెనని వారి తాతలు చెప్పుదురు. కావున చిన్న విమానము తానెక్కడ నున్నదో ఎట్లు తెలిసికొనునను విషయమును ఈ సంచికలో చర్చించుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము. మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. ఉపగ్రహ సంకేతము సరిగా అందనపుడు మొదట ఆకాశమును గాక విమానమునే శంకింపవలెను. దానిని సరిచేయుటకు గొప్ప వ్యయము అక్కరలేదు. ఇంజనును పరీక్షించునట్లే దీనిని కూడ పరీక్షింపవలెను.

జి.పి.యస్. అనబడు అమెరికా దేశపు ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు తమ గడియారముల వేళను చాటుచుండును. వినెడి యంత్రమునకు ఒకేసారి నాలుగు ఉపగ్రహములైనను వినబడవలెను. మూడు స్థలమును నిర్ణయించుటకు, నాలుగవది యంత్రములోని చిన్న గడియారపు తప్పును దిద్దుటకు. ఆ సంకేతము మనయొద్దకు చేరునప్పటికి ఎంత సన్నగిల్లునో చెప్పిన విద్యార్థులు నమ్మరు. ఒక వాటు శక్తిని కోటి పాళ్లు చేసి, అందొక పాలును మరల కోటి పాళ్లు చేసి, ఆ చిన్న పాలును నూరు పాళ్లు చేసినచో వచ్చునంతటిది మాత్రమే. ఏలీయా హోరేబు కొండమీద విన్న స్వరమువలె, చుట్టునున్న సందడి అణగినగాని వినబడదు. పచ్చని ఆకులు దానిని మ్రింగును, రాతిగోడలు త్రిప్పికొట్టును. పాపికొండల నడుమ లాంచీలో పోవునపుడు చేతిఫోనులోని గుర్తు ఏటిని విడిచి కొండయెక్కుట చూచి మన పిల్లలు నవ్వుదురు. ఆ ఇరుకున తక్కువ యెత్తున ఎగురు హెలికాప్టరునకును కనబడు ఆకాశము అంతే. అక్కడ నవ్వు రాదు.

ఇక విమానములోని లోపముల సంగతి. ఏంటెనాకు నలుదిక్కుల ఆకాశము కనబడవలెను. కావున దానిని విమానపు వీపుమీద, రేడియో ఏంటెనాకు ఎడముగా అమర్చవలెను. పెక్కు చిన్న విమానములలో ఈ నియమము చెల్లుట లేదు. చేతిలో పట్టు యంత్రమును తెచ్చి అద్దముక్రింద పెట్టెదరు. పైన లోహపు రెక్క కప్పుగా నుండగా, వెనుక కేబిను పైకప్పు అడ్డముగా నుండగా, ఆ యంత్రమునకు ముందున్న సగము ఆకాశమే దక్కును. గాజునార, రెసిను కలిపి చేసినట్టి యొడలిగుండ సంకేతము దూరును గాని కార్బను నారగుండ దూరదు. క్రొత్త విమానములు కొనువారు దీనిని అడిగి తెలిసికొనవలెను. వర్షపు చెమ్మకు తీగల జోడింపులు చిలుమెక్కుట మరియొక లోపము. చిన్న మోటారుకారునుండి తెచ్చి తగిలించిన ఛార్జరులు, చవుకరకపు దీపములు సయితము వినబడని రొద చేయుచు ఆ సన్నని స్వరమును ముంచివేయును.

అన్నిటికంటె వింతయైనది పైలటు మాటలాడు రేడియోయే. ఇది మా పై తరగతుల పిల్లలు లెక్క కట్టదగినది. జి.పి.యస్. స్వరస్థానము 1575.42 మెగాహెర్ట్‌జ్. రేడియో 131.275 మెగాహెర్ట్‌జ్ మీద పలుకునపుడు దాని పండ్రెండవ రెట్టు 1575.3, 121.175 మీద పలుకునపుడు పదమూడవ రెట్టు 1575.275. రెండును ఉపగ్రహ స్వరమునకు తాకునంత దగ్గర. పైలటు బొత్తాము నొక్కి "మేము ఫలానా చోట నున్నాము" అని చెప్పుచున్న ఆ క్షణముననే తానెక్కడ నున్నది అతని యంత్రము మరచిపోవచ్చును! రేడియో వెనుక తగు వడపోతను బిగించుట, రెండు ఏంటెనాలను దూరపరచుట దీనికి మందు. ఒక్కొక్కప్పుడు ఆపత్కాల సంకేత యంత్రపు ఏంటెనా కూడ ఈ రొదను పట్టి మరల వెదజల్లును.

ఆకాశమున దోషమే లేదనుట లేదు. మన దేశము భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువ. సూర్యాస్తమయము తరువాత పై వాయుమండలములోని విద్యుత్పొరలు కలతపడి సంకేతమును మిణుకుమిణుకుమనిపించును. ఈ పొరలనుగూర్చి విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు చేసిన పరిశోధన మన తెలుగువారికి గౌరవము తెచ్చినది. ఆ పొరలవలని తప్పును దిద్దుటకే ఇస్రోయును విమానాశ్రయ ప్రాధికార సంస్థయును గగన్ అను ఏర్పాటును కల్పించినవి. 2015లో విమానము క్రిందికి దిగు మార్గమునకు సయితము దానికి అనుమతి లభించెను. 2022 ఏప్రిలులో రాజస్థానమునందలి కిషన్‌గఢ్‌లో ప్రయాణీకుల విమానమొకటి దాని సాయమున దిగెను. దాని ఉపగ్రహములలో జిసాట్-10ను 83 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిపిరి. భద్రాచలమునకు అది నడినెత్తికి కొంచెము దక్షిణముగా నుండు చోటు. ఇంతటి యనుకూలత యుండియు, ఏంటెనా రెక్కక్రింద నున్నచో ప్రయోజనమేమి?

పూర్వము దిక్సూచితో, పటముతో ఎగురలేదా యని కొందరు పెద్దలు అడుగుదురు. ఎగిరిరి. 1945లో స్థాపితమైన మిషను వైమానిక సంఘము తరఫున బెట్టీ గ్రీన్ అను దొరసాని 1946లో మెక్సికోకు అట్లే ఎగిరినది. పటమును మానుమని మేమును చెప్పము. తెరపి దినమున గోదావరిని మించిన దారిగుర్తు లేదు. కాని శ్రావణమాసపు మబ్బు కొండల నెత్తిన కూర్చుండినపుడు గోదావరియు కనబడదు, కొండయు కనబడదు.

2008 ఆగస్టులో హైదరాబాదునుండి ఛత్తీస్‌గఢ్ వైపు పోవుచున్న హెలికాప్టరొకటి నలుగురితో మన సరిహద్దుటడవులలో అదృశ్యమయ్యెను. నవంబరులో గాని దాని శకలములు దొరకలేదు. మూడు మాసములు నాలుగు కుటుంబములు బ్రతుకో చావో తెలియక ఎదురుచూచినవి. మరుసటి యేట సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో కూలినపుడు రాష్ట్రమంతయు వెదకినను మరునాటి ఉదయమునకు గాని జాడ తెలియలేదు. ఈ ప్రమాదములకు సంకేతలోపమే కారణమని మేము చెప్పుట లేదు. మేము చెప్పునది వెదకులాటను గూర్చి. విమానము తన చోటును తెలిసికొని, కొన్ని నిమిషములకొకమారు ఉపగ్రహముద్వారా ఇతరులకు చెప్పుచుండినచో, వెదకవలసిన యడవి కొన్ని మైళ్లకు తగ్గును. 406 మెగాహెర్ట్‌జ్ ఆపత్సంకేత యంత్రములలో కొన్ని తమ పిలుపుతోపాటు స్థలమును కూడ పంపగలవు. పాత 121.5 పిలుపులను ఉపగ్రహములు వినుట 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయెను. అయితే తనకే తెలియని చోటును ఏ యంత్రమును పంపజాలదు; అందుచేత సంకేతము చక్కగా అందుట దారికొరకే గాక ప్రాణరక్షణకొరకు కూడ కావలెను.

వరదపనికి హెలికాప్టరులను పిలుచు అధికారులు వర్షకాలమునకు ముందే వాని యజమానులను ఒక పరీక్ష చేయుమని కోరవలెను. విమానమును చెట్లకు, గోడలకు దూరముగా బయట నిలుపవలెను. విమానములోని దీపములు, ఛార్జరులు అన్నియు వేయవలెను. రేడియోను 121.150, 121.175, 121.200, 131.250, 131.275, 131.300 లకు వరుసగా త్రిప్పి, ఒక్కొక్కదానిమీద అరనిమిషము బొత్తాము నొక్కి, ఉపగ్రహముల బలము చూపు గీతలు పొట్టివగునేమో కనిపెట్టవలెను. తగ్గినచో మరమ్మతు జరుగువరకు ఆ హెలికాప్టరును మబ్బులోనికి పంపరాదు. ఈ పరీక్షకు పావుగంట చాలును.