ఆవిరి పట్టిన ఇసుక

పిల్లలూ! పెసర మొక్కను వేళ్ళతో సహా మెల్లగా పెళ్ళగించి, నీళ్ళలో కడిగి చూడండి. వేళ్ళను అంటుకొని చిన్న చిన్న బుడిపెలు కనబడతవి. మొక్కకు తెగులు తగిలిందేమో అనుకునేవారున్నారు. తెగులు కాదు. ఆ బుడిపెలలో సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మార్చి ఇస్తవి.

"మీరు చెప్పారు గనక నమ్మాలా, మాస్టారూ?" అని అడగరేం? అడిగే పిల్లలంటేనే నాకు ఇష్టం.

జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుకను బాగా వేడిచేసి, అందులోని సూక్ష్మజీవులను చంపి, బటానీలు పెంచారు. బుడిపెలు రాలేదు, నత్రజని లేక మొక్కలు గిడసబారినవి. పొలం మట్టి కలిపిన నీళ్ళు కాసిని పోస్తే బుడిపెలు వచ్చినవి, మొక్కలు పచ్చబడినవి. ఆ నీళ్ళనే మరగబెట్టి పోస్తే ఏమీ జరగలేదు! ఈ సంగతులను వారు 1888లో వివరంగా ప్రకటించారు.

మరగబెట్టడం ఎందుకంటారా? మట్టినీళ్ళలో లవణాలు కూడా వుంటవి. మేలు చేసింది అవేనేమో! మరగబెడితే లవణాలు పోవు, ప్రాణమున్నవే పోతవి.

మీరూ చేయండి. ఏటి ఇసుకను బాగా కడిగి, చిటికెడు కట్టెల బూడిద కలిపి, తడిగా గుడ్డలో మూటగట్టి, పాత కుండలో నీళ్ళకు పైన ఆనించి, గంటసేపు ఆవిరి పట్టండి. పెద్దవాళ్ళు దగ్గర వుండాలి. (ఇడ్లీ పాత్ర అడిగితే అమ్మ ఏమంటుందో నాకు తెలుసు.) కొన్ని మొండి సూక్ష్మజీవులు దీనికి చావవు, వాటికోసం ప్రయోగశాలల్లో ఒత్తిడి పెంచి, 121 డిగ్రీల ఆవిరి పడతారు. మన బుడిపెలవి అంత మొండివి కావు.

రెండు డబ్బాలకూ ఆవిరి పట్టిన ఇసుకే పోయాలి. ఒకదానిలో మామూలు ఇసుక పోస్తే ప్రయోగం చెడినట్లే. వేడి సూక్ష్మజీవులను చంపటమే కాదు, మన్ను గుణాన్ని కూడా కొంత మారుస్తుంది. అప్పుడు తేడా దేనివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు?

డబ్బాల అడుగున చిల్లు పొడిచి, మరిగే నీళ్ళతో కడగండి. పెసలను కాచి చల్లార్చిన నీళ్ళతో నాలుగైదుసార్లు కడిగి నాటండి. మొలకలు వచ్చాక, పెసర చేలోని మట్టి చెంచాడు గ్లాసెడు నీళ్ళలో కలిపి, సగం మొదటి డబ్బాలో పోయండి. మిగతా సగం పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, రెండవదానిలో పోయండి. రోజూ తడపటానికి కూడా కాచి చల్లార్చిన నీళ్ళే.

అయిదు వారాలకు రెండింటినీ పీకి వేళ్ళు చూడండి. బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా వుంటే, అది పని చేస్తున్నదన్నమాట. రెండవ డబ్బాలోనూ బుడిపెలు కనబడినవా? అయితే పచ్చినీళ్ళు పోసిందెవరో మీ తమ్ముణ్ణి, చెల్లెల్ని అడగండి.