తొడుగు కంటే ముందు పళ్ళు పదిలం

కృష్ణా డెల్టాలో పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడితే బట్టల కొట్లతోపాటు పళ్ళ డాక్టర్ల దగ్గర కూడా సందడి పెరుగుతున్నది. పెళ్ళిచూపులకు కూర్చోవలసిన అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నదనీ, అబ్బాయి పళ్ళు గారపట్టి ఉన్నాయనీ తల్లిదండ్రులు మథనపడుతున్నారు. పట్నంలో పళ్ళకు తెల్లని రేకులు అతికిస్తారని ఎవరో చెప్పగా విని, అప్పో సప్పో చేసి బందరుకో, గుడివాడకో, బెజవాడకో బయలుదేరుతున్నారు. నవ్వితే అందంగా కనబడాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ తొడుగు అందరికీ అవసరమా, వేయించుకున్న తరువాత దాన్ని కాపాడుకోవడం ఎలా అన్న సంగతులు తెలియకుండా పరుగెత్తితే డబ్బుకు డబ్బు, పంటికి పన్ను నష్టపోవలసి వస్తుంది.

సినిమా నుంచి పల్లెకు

డాక్టర్లు వెనీర్ అని పిలిచే ఈ తొడుగు పన్నంతటికీ వేసే క్యాప్ కాదు. పంటి ముందు వైపు మాత్రమే అతికించే పలుచని పింగాణీ రేకు. దీని పుట్టుక సినిమాలోనే జరిగింది. 1920ల చివర అమెరికాలోని హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంత వైద్యుడు నటుల పళ్ళు తెర మీద బాగా కనిపించడానికి ఇటువంటి రేకులు తయారు చేశాడు. అవి షూటింగు జరిగినంతసేపే నిలిచేవి. తరువాత ఊడదీయవలసిందే. పంటి పైపొరను ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని 1955లో బ్యూనోకోర్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. 1980ల తొలినాళ్ళలో పింగాణీ రేకును కూడా అదే విధంగా గరుకు చేసి అతికించే పద్ధతి వచ్చిన తరువాతనే ఇవి ఏళ్ళ తరబడి నిలవడం మొదలయింది.

1923లో నిమ్మకూరులో ఎన్టీ రామారావునూ, 1924లో రామాపురంలో అక్కినేని నాగేశ్వరరావునూ కన్న సీమ ఇది. గుడివాడ చుట్టుపక్కల పల్లెలకు సినిమా మోజు కొత్త కాదు. తెర మీది మెరుపు ఇంటి ముంగిటికి రావాలని కోరుకోవడం సహజమే. అయితే తెర మీద వేసేది వేషం, తీసేస్తే పోతుంది. పంటికి వేసే రేకు అలా కాదన్నది ఇక్కడ గమనార్హం.

రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

పళ్ళ రంగు మారడానికి కారణాలు రెండు రకాలు. మొదటిది పైనుంచి పట్టే రంగు. టీ, కాఫీ, కిళ్ళీలోని కాచు, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, కొన్ని ఇనుము టానిక్కులు ఇందుకు కారణం. చిగుళ్ళ జబ్బుకు రోజుల తరబడి వాడే క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలి మందు కూడా పళ్ళకు గోధుమ రంగు మచ్చలు తెస్తుంది. ఈ రకం మచ్చల్లో ఎక్కువ భాగం పంటి గార తీయించుకుంటే పోతాయి. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయన్న మాట పల్లెల్లో ఇంకా వినబడుతున్నది. అది నిజం కాదు. గార చిగురును తినివేయడం వల్లనే పళ్ళు కదులుతాయి. గార దిమ్మలు అడ్డుగా ఉన్నంతకాలం ఆ కదలిక తెలియదు. తీసిన తరువాత తెలుస్తుంది. అంతే తేడా.

రెండవది లోపలి రంగు. దెబ్బ తగిలి పన్ను చచ్చిపోతే బూడిద రంగుకు తిరుగుతుంది. పన్ను తయారయ్యే వయస్సులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, టెట్రాసైక్లిన్ మందు వాడితే అది పంటిలోని సున్నంతో కలిసిపోయి శాశ్వతంగా మరక వేస్తుంది. గర్భిణులు వాడినా పుట్టబోయే బిడ్డ పాలపళ్ళకు ఆ మరక తప్పదు. జ్వరం రాగానే చీటీ లేకుండా మందుల షాపులో గోలీలు కొనే అలవాటున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఫ్లోరైడు నీళ్ళ సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి తరువాత ప్రకాశంలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల ప్రజల బాధను 1937లో వైద్యులు లోకానికి తెలియజేశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వెలువడిన తొలి నివేదికల్లో అది ఒకటి. నల్లగొండ జిల్లాలో తరాలపాటు పసివాళ్ళ పళ్ళు పసుపు, గోధుమ చారలు పడి, ఆపైన ఎముకలు వంకర తిరిగాయి. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకే ఫ్లోరైడు ఉండాలనీ, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర మించరాదనీ ప్రమాణం. కాలువ నీటితో నింపిన చెరువులు కాక బోరు నీళ్ళు తాగే ఊళ్ళవారు, పిల్లల పళ్ళ మీద చారలు కనబడితే, నీటిని పరీక్ష చేయించమని పంచాయతీని అడగాలి. నీరు మార్చకుండా పళ్ళకు రేకులు వేయించడం కారే కప్పు కింద ముగ్గు వేసినట్లే.

పోయిన పొర తిరిగి రాదు

రేకు అతికించడానికి పంటి ముందు పొరను చాలా సందర్భాల్లో మూడు నుంచి ఏడు పదుల వంతుల మిల్లీమీటరు దాకా అరగదీస్తారు. గోరు పెరిగినట్లు ఆ పొర మళ్ళీ పెరగదు. ఒకసారి అరగదీస్తే ఆ పంటికి జీవితాంతం ఏదో ఒక తొడుగు ఉండవలసిందే. బాగా చూసుకుంటే పింగాణీ రేకు పది పదిహేనేళ్ళు వస్తుంది. అదే పూటలో పంటి మీదే మెత్తితే గట్టిపడే కాంపోజిట్ పూత చౌక. కాని అది అయిదారేళ్ళకు మార్చవలసి వస్తుంది, రంగు కూడా త్వరగా పట్టుతుంది. పన్నొక్కింటికి వేలల్లో ఖర్చు. అందులోనూ పింగాణీ పని ఒక్క రోజుతో అయ్యేది కాదు. రెండు మూడు సార్లు తిరగాలి. కూలి పోగొట్టుకుని నాగాయలంక, కోడూరు నుంచి వచ్చేవారికి ఇది చిన్న భారం కాదు.

కనుక వరుస తప్పరాదు. ముందు గార తీయించాలి. పుచ్చిన పళ్ళు, చిగుళ్ళు బాగుచేయించుకోవాలి. అప్పటికీ రంగు మిగిలితే మందుతో తెల్లబరచే పద్ధతి ఉంది. అదీ పనిచేయనప్పుడు, లేదా పన్ను విరిగినప్పుడు, ఫ్లోరైడు గుంటలు లోతుగా పడినప్పుడు రేకు సంగతి ఆలోచించాలి. అటువంటివారికి ఈ వైద్యం నిజంగా వరమే. పుచ్చుపళ్ళ మీదా, చీము కారే చిగుళ్ళ పక్కనా తెల్లరేకు అతికిస్తే మాత్రం పైన పటారం, లోన లొటారం అన్న సామెతే నిజమవుతుంది.

అన్నిటికీ మించి పొగాకు సంగతి. గుట్కా, ఖైనీ వేసేవారి గోధుమ పళ్ళు శరీరం ఇచ్చే హెచ్చరిక. నోట్లో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, రోజురోజుకూ నోరు తెరుచుకోకపోవడం క్యాన్సరుకు తొలి గుర్తులు కావచ్చు. అలవాటు మానకుండా పళ్ళకు తెల్లరంగు వేయించుకున్నవారు ఆ హెచ్చరికను తమ చేతులతోనే కప్పివేసుకున్నవారవుతారు.

వేయించుకున్నవారికి జాగ్రత్తలు

పింగాణీకి టీ, పసుపు మరకలు అంత తేలికగా అంటవు. కాని రేకుకూ పంటికీ మధ్యనున్న జిగురు అంచుకు పట్టుతాయి. చుట్ట, కిళ్ళీ మానకపోతే ఆ అంచు నల్లని గీతగా తేలుతుంది. తెల్లబరచే మందు పింగాణీ మీద పనిచేయదు. అందువల్ల పక్క పళ్ళను తెల్లబరచాలంటే ముందే చేయించి, రెండు వారాలు ఆగి, ఆ రంగుకు సరిపోయే రేకు ఎంచుకోవాలి.

కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు గరుకులతో తోమితే రేకు నిగారింపు పోతుంది. పెద్దలకు వేపపుల్ల మీద గౌరవం ఉన్నా, రేకు అంచుల దగ్గర మెత్తని బ్రష్షే మేలు. గరుకు లేని పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి. టీ తాగగానే నీళ్ళు పుక్కిలించాలి. సారా వాసన వచ్చే పుక్కిలి మందులు జిగురును మెత్తబరుస్తాయి కనుక వాటి జోలికి పోరాదు.

దివిసీమలో పీత డెక్కలను పళ్ళతో పగలగొట్టడం, తేగలు పళ్ళతో చీల్చడం, చెరకు గడను పంటితో ఒలవడం, వక్క కొరకడం అందరికీ అలవాటే. వలలు అల్లేవారు దారాన్ని పంటితో తెంపుతారు. సోడా మూతలను పంటితో తీసే ఘనులూ ఉన్నారు. రేకు ఉన్నవారు ఇవన్నీ మానుకోవాలి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే డాక్టరు చేత రాత్రిపూట పెట్టుకునే తొడుగు చేయించుకోవాలి. ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. గార తీయించుకునేటప్పుడు రేకులున్నాయని ముందే చెప్పాలి. పొరపాటున రేకు ఊడివస్తే పారవేయకుండా చిన్న డబ్బాలో భద్రపరచి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. బజారులో దొరికే జిగురుతో సొంతంగా అంటించుకోరాదు.

ప్రభుత్వం చేయవలసింది

సంతల్లోనూ, తిరునాళ్ళలోనూ చాప పరిచి పళ్ళు కట్టేవారిని ఆశ్రయించడం మరో ప్రమాదం. వారు జిగురు ముద్దతో పక్క పళ్ళను కలిపి అతికిస్తే, దాని కింద పాచి చేరి మంచి పళ్ళు కూడా పోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. 1948 నాటి దంత వైద్యుల చట్టం కాలం నుంచీ ఈ వృత్తికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రోగి ఆ నెంబరు అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

అయితే చౌక వైద్యం దగ్గరలో ఉంటే ఎవరూ చాప మీద కూర్చోరు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గన్నవరం దగ్గర చినఅవుటుపల్లిలో ప్రైవేటు కళాశాల ఉంది. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. కేంద్ర ప్రభుత్వం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇన్ని ఉన్నా, దశాబ్దాల పాటు పంటు మీదే కృష్ణ పాయ దాటిన ఎదురుమొండి దీవుల వారికి పంటినొప్పి వస్తే కాలేజీ ఎంత దూరమో అధికారులే ఆలోచించాలి. కళాశాలల విద్యార్థులను నెలకొకసారి దివిసీమ పాఠశాలలకు పంపి పిల్లల పళ్ళు చూపించడం, గార తీసే పరికరాలను పల్లె ఆసుపత్రులకు అందజేయడం, బోరు నీటి పరీక్ష ఫలితాలను పంచాయతీ గోడ మీద రాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. చిన్ననాడే చూసిన పంటికి పెద్దయ్యాక రేకు అవసరమే ఉండదు.

పెద్దలు కూడా ఒక సంగతి ఆలోచించాలి. పళ్ళ తెలుపు చూసి పిల్లను ఎంచే పెళ్ళిచూపులే ఎన్నో ఇళ్ళలో ఈ అప్పుకు మూలం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నది పళ్ళ రంగును చూసి కాదు. శుభ్రమైన నోరు, నొప్పి లేని పన్ను, పొగాకు ముట్టని నాలుక ఉంటే చాలు. ఆ నవ్వుకు ఏ రేకూ అక్కరలేదు.