క్రియకు కర్త ఎవరు?

కంప్యూటర్ భాషల గురించి తెలుగు మాస్టారు రాయడమేమిటని విద్యార్థులు నవ్వుకోవచ్చు. కానీ ఈ విషయంలో నాకు ముందుగా కనిపించింది వ్యాకరణమే.

1990లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలకు చెందిన పావెల్ కర్టిస్, అంతకుముందు స్టీఫెన్ వైట్ రాసిన 'మూ' అనే ప్రోగ్రామును విస్తరించి 'లాంబ్డామూ' సర్వర్‌ను తయారుచేశారు. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఎక్కడెక్కడివారో ఒకేసారి అందులో చేరి మాట్లాడుకునేవారు. అంతేకాదు, సర్వర్‌ను ఆపకుండానే వాళ్లే కొత్త గదులు, వస్తువులు కల్పించి, అవి ఏం చేయాలో ప్రోగ్రాము రాసేవారు.

ముక్కూమొహం తెలియనివారు రాసిన ప్రోగ్రాము అందరి యంత్రంలో నడిస్తే ప్రమాదం కాదా? కర్టిస్ రక్షణను భాషలోనే అమర్చారు. ఆ భాషలో వస్తువు చేసే పనిని 'వర్బ్' అంటారు, అంటే క్రియ. ప్రతి క్రియకూ ఒక యజమాని ఉంటాడు. ఎవరు పిలిచినా అది యజమానికున్న అధికారంతోనే నడుస్తుంది. మీరు చేసిన పెట్టెను నేను తెరిచినా, మీ క్రియ నా అనుమతి లేకుండా నా వస్తువులను మార్చలేదు. మరి ఎవరైనా అంతులేని లూప్ రాస్తే? మామూలుగా ఒక పనికి 30,000 'టిక్'లు, 5 సెకన్లు హద్దు. ఏది దాటినా ఆ పని ఒక్కటే ఆగిపోతుంది. పక్కవారి పనికి అడ్డురాదు.

బదిలీల పుణ్యమా అని నేను చాలా కంప్యూటర్ గదులు చూశాను. "ఏదీ మార్చరాదు" అన్న మాట చాలాచోట్ల విన్నాను. ఆ భయం అర్థంలేనిది కాదు. ఏదైనా పాడైతే జవాబు చెప్పవలసింది అక్కడున్న ఒక్క ఉపాధ్యాయుడే. అయినా, ఏదీ మార్చనివ్వని చోట పిల్లలు నేర్చుకునేది ఇతరులు చేసినదాన్ని వాడుకోవడం వరకే.

హద్దులన్నీ యంత్రమే చూసుకోలేదన్నదీ నిజమే. మాటలతో మనసు నొప్పించేవారిని ఏ టిక్‌ల లెక్కా పట్టుకోలేదు. లాంబ్డామూలో చివరికి వినతులు, ఓటింగు పద్ధతి తేవలసి వచ్చింది. బడిలో ఆ పని పెద్దలది, తోటి విద్యార్థులది.

అందుకే నా కోరిక ఇది: ప్రతి విద్యార్థికీ సొంత లాగిన్, కొంత స్థలం, కొంత సమయం ఇవ్వండి. తాను రాసినదానికి తానే కర్తగా పేరు పెట్టుకోనివ్వండి. తప్పు చేస్తే అతని పని మాత్రమే ఆగాలి, తరగతి ఆగకూడదు. వచ్చే ఏడాది ఒక్క తరగతితోనైనా మొదలుపెడదాం.