క్రిస్మస్ చందా, పత్తి కూలి

డిసెంబరు వచ్చిందంటే మా కొండవీడు వైపు రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. చేలల్లో పత్తి తీత, రాత్రిళ్ళు వీధుల్లో క్యారల్స్. పాడేవాళ్ళు మతం చూసుకోరు, లైటు వెలిగే ప్రతి గుమ్మం ముందూ ఆగుతారు. మనమూ ఎంతో కొంత చేతిలో పెడతాం. ఆ డబ్బులోంచే పేద పిల్లలకి పండక్కి బట్టలు, కేకు, బొమ్మలు కొంటారు. మంచి పనే, చందా ఇవ్వడానికి నేను వెనకాడను. నా పేచీ అంతా పంచే తీరుతోనే.

సెమీ క్రిస్మస్ స్టేజీ ఎక్కించి పిల్లల్ని వరసగా నిలబెడతారు. వెనక దాత ఫ్లెక్సీ, ముందు సెల్‌ఫోన్లు. "నవ్వమ్మా" అంటారు. తెచ్చిన గౌను పదేళ్ళ పిల్లకి మోకాళ్ళు కూడా దాటదు. వాళ్ళమ్మ జనం వెనకాల నిలబడి చూస్తుంటుంది. పండక్కి తన బిడ్డకి బట్టలు పెట్టింది తను కాదని ఊరంతటికీ తెలిసిపోయాక ఆ తల్లి మొహం ఎలా ఉంటుందో ఫొటోల్లో కనపడదు.

చందాకి పెద్ద దాతలే ఉండాలనీ లేదు. దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో, ఆడవాళ్ళు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి విడిగా కుండలో వేసేవారు. మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. దోర్నకల్ కుండలు నిండింది చాలావరకు కూలిజనం ఇళ్ళలోనే.

మా వీధిలో ఆరుగురం ఆడవాళ్ళం బడులు తెరిచిన జూన్ నుంచి నవంబరు దాకా నెలకి వందేసి డబ్బాలో వేశాం. 3,600 అయింది. ఏడుగురు పిల్లల తల్లులకి ఐదేసి వందలు కవర్లో పెట్టి, ఇళ్ళకి వెళ్ళి ఇచ్చాం. మిగిలిన వందా కవర్లకీ చాక్లెట్లకీ సరి. ఒకామె కూతుర్ని చిలకలూరిపేట తీసుకెళ్ళి పిల్లకి నచ్చిన గౌను కొంది. ఇంకొకామె స్కూలు బ్యాగు కొని, మిగిలిన దాంతో కోడిని తెచ్చింది. "కోడి పిల్లలకేం కానుకే!" అని పక్కింటి పిన్ని దీర్ఘం తీసింది. పండగపూట ఇంట్లో కోడికూర ఉడుకుతుంటే ఏడేళ్ళవాడికి ఇంకేం కావాలి పిన్నీ!

దూరం నుంచి వచ్చే సాయం ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. విదేశాల్లోని దాతల డబ్బుతో పిల్లలకి సాయం చేసే కంపాషన్ ఇంటర్నేషనల్, ఆ నిధులకి కేంద్రం అనుమతి దొరక్క 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. అప్పటికి దాని సాయం అందుకుంటున్న పిల్లలు 1,40,000 పైనే. ఆ అనుమతులు మన చేతుల్లో లేవు. పత్తి తీసిన కూలి మాత్రం అచ్చంగా మన చేతుల్లోనే ఉంది.

చందాలకంటే ముందు అడగాల్సింది దాని సంగతే. కిలోల లెక్కన తీసిన పత్తికి కూలి నోటుబుక్కులో రాసి, "సరుకు అమ్మాక చూద్దాం" అంటారు చాలామంది. ఈలోపు ఇరవై ఐదో తారీకు వచ్చేస్తుంది. మా చేలో వంగి పత్తి తీసే ఆడవాళ్ళలో సగానికి పైగా ఆ పండగ చేసుకునేవాళ్ళే. చందాలప్పుడు మనం పేద పిల్లలంటున్నది వాళ్ళ పిల్లల్నే.

రైతుని తిట్టడం తేలికే. మేమూ రైతులమే, డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో మాకూ తెలియదు. పోయినేడు ఇరవైకల్లా కూలి లెక్క తేల్చాలని పట్టుబట్టాను. "ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?" అన్నారు మా ఆయన. చివరికి కొన్ని బోరాలు ఊళ్ళోనే వేసేశాం. క్వింటాలుకి కాస్త తగ్గింది. ఆ తగ్గిన సంగతి ఆయన ఇప్పటికీ అన్నం తినేటప్పుడు ఎత్తుతుంటారు. ఎత్తనీ. ఈ ఏడు కూలి నోటుబుక్కు వంటింట్లో పోపుల పెట్టె పక్కనే పెట్టుకున్నాను.